సామింతెన్ వడగట్టిన పాలు

జావా దీవిలో మా బొయొలాలిలో పాలంటే ఆవు పాలే. మెరపి అగ్నికొండ వాలులో ఏ ఇంటి వెనక చూసినా కొట్టం, కొట్టంలో నలుపూ తెలుపూ ఆవులు, పొద్దు పొడిచేసరికి పాల సంఘం బండి దగ్గర క్యాన్లు పట్టుకుని జనం. అలాంటి ఊళ్ళో సోయా గింజ పిండి, ఇవీ పాలేనని అమ్మి, ఒక్క చేత్తో కొడుకుని పెంచి పెళ్ళి చేసిన మనిషి సామింతెన్. ఆవిడకి పొగరని అంటారు. ఉండదా మరి. నేను పక్కింటిదాన్ని, పైగా ఆవులదాన్ని, ఆ పొగరు గోడ అవతల నుంచి రోజూ విన్నదాన్ని. ఇప్పుడు ఆవిడ పేరెత్తితే కొందరు పెదవి విరుస్తున్నారు. వాళ్ళకి తెలిసింది ఒక్క పాప సంగతే. నాకు మనిషి మొత్తం తెలుసు, అందుకే చెబుతున్నాను.

ఆవిడ మొగుడు టెంపే చేసేవాడు. ఉడికించిన సోయా గింజల్ని పులియబెట్టి, అరటాకుల్లో పొట్లాలు కట్టి సంతకి మోసుకుపోయేవాడు. ఒక వానాకాలం కొండ మీంచి బూడిద బురదతో దిగిన వాగు అతన్ని లాక్కుపోయింది. కొడుకు వర్దోయో అప్పటికింకా చంటివాడు. టెంపే పులియడానికి రోజులు పడతాయి, పైగా అది మగాడి చెయ్యి తగిలితేనే బాగా వస్తుందని సంతలో ఓ పిచ్చి నమ్మకం. సామింతెన్ ఎవరితోనూ వాదించలేదు. మొగుడు మిగిల్చి పోయిన గింజల బస్తా విప్పి పాలు తీయడం మొదలుపెట్టింది.

ఆ పని మాటల్లో చెప్పినంత తేలిక కాదు. గింజలు నానాలి. నానినవాటిని రెండు అరచేతుల మధ్యా నలిపి పొట్టు ఊడదీయాలి, పొట్టు నీళ్ళ మీద తేలితే వంచెయ్యాలి. రుబ్బాలి. పెద్ద డేగిసాలో మరగబెట్టేటప్పుడు కన్ను పక్కకి తిప్పితే నురుగు పొంగి పొయ్యి ఆరిపోతుంది. పచ్చి గింజ వాసన పోవడానికి దంచిన అల్లం, పండాన్ ఆకు వేస్తుంది. ఆ తర్వాత గుడ్డలో పోసి పిండుతుంది. అందరూ ఒకసారి పిండి సరిపెట్టుకుంటారు. సామింతెన్ ఆగదు. ఇంకో గుడ్డ, దాని మీద ఇంకో గుడ్డ. చివరికి గ్లాసులో పోస్తే అడుగున నలకంత పిప్పి కూడా కనపడదు. సన్నటి ప్లాస్టిక్ సంచుల్లో పోసి రబ్బరు బ్యాండు వేసి బట్టల ఫ్యాక్టరీ గేటు ముందు కూచుంటే, పొద్దుటి షిఫ్టు ఆడపిల్లలు లోపలికి పోతూ తలా ఒకటి పట్టుకుపోయేవాళ్ళు.

ఆ పిండిన పిప్పి మా ఇంటికి వచ్చేది. నా ఆవులకి అదంటే ప్రాణం. దాంతో ఆవిడకి నా మీద ఒక ఆయుధం దొరికింది.

"కార్సీ, నీ ఆవులు పాలిచ్చేది నా పిప్పి తినే కదే. అంటే నువ్వు అమ్మేదీ నా గింజ పాలే. కాకపోతే నీవి ఆవు కడుపులోంచి తిరిగొస్తాయి."

"అవునక్కా, నీవైతే గుడ్డలోంచే వచ్చేస్తాయి. పాపం ఆవుకి ఆ గుడ్డ కట్టడం రాదు."

ఇలా ఉండేది మా సంసారం. రోజుకో మాట విసురుకోకపోతే ఇద్దరికీ అన్నం సయించేది కాదు. వర్దోయో పెద్దవాడయ్యాక పాల సంఘం ట్యాంకరు నడిపే పనిలో చేరాడు. ఆ రోజు నేను గోడ మీద చేతులు పెట్టుకుని నవ్వలేక చచ్చాను. సామింతెన్ మూతి ముడుచుకుని, "బండి నడపడానికి వెళ్ళాడు, పాలు తాగడానికి కాదు," అంది.

వర్దోయో పెళ్ళాం ముర్ని అదే బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. అత్తగారి పాలు తాగుతూ తాగుతూ కోడలైన పిల్ల అని మేం ఏడిపించేవాళ్ళం. నెమ్మదస్తురాలు. అత్తగారి ముందు గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. కినంతి అని పేరు పెట్టారు. సామింతెన్ ఆ పిల్లని భుజం గుడ్డలో వేసుకుని వీధంతా తిప్పేది. ఆవిడ ముఖంలో అంత సంతోషం మొగుడు పోయాక అదే మొదటిసారి చూశాను.

కాన్పు సెలవు అయిపోగానే ముర్ని మళ్ళీ మిషను ముందు కూచోవలసి వచ్చింది. తెల్లారగట్ల వెళితే చీకటి పడ్డాక రావడం. కొన్నాళ్ళు ఫ్యాక్టరీ మరుగుదొడ్లో పాలు పిండి పారబోసుకుంది, తర్వాత అవే ఎండిపోయాయి. అందరిలాగే ఆవు పాల పొడి డబ్బా తెచ్చారు. పిల్లకి అది పడలేదు. తాగిందల్లా కక్కేది. బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి, విరేచనంలో నెత్తురు చార పడింది. ముర్ని జీతం పోయినా సరేనని సెలవు పెట్టి పెద్ద డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చి వాకిట్లోనే చెప్పింది.

"ఆవు పాలు పడవంట అత్తయ్యా. ఆవు పాలతో చేసినదేదీ నోట్లో పెట్టొద్దంది. సోయాతో చేసిన చంటిపిల్లల పొడి ఉందంట, ఆ డబ్బా ఒక్కటే పట్టమంది. వేరే ఏదీ వద్దని రెండుసార్లు చెప్పింది. నెల తిరగ్గానే చూపించమంది."

సామింతెన్ పిల్లని అందుకుని ముందు ముద్దు పెట్టుకుంది. తర్వాత గోడ వైపు తిరిగింది.

"విన్నావా కార్సీ. బొయొలాలిలో పుట్టిన పిల్లకి బొయొలాలి ఆవులు పడవంట. సోయానే కావాలంట."

"నా ఆవులేం చేశాయక్కా నిన్ను. పిల్ల బాగుపడితే అదే చాలు."

"బాగుపడక ఏం చేస్తుంది. ఎవరి మనవరాలు."

ఆ గెలుపు ఆవిడది. జీవితమంతా ఊరు నవ్విన గింజని పెద్ద డాక్టరమ్మ మందుగా రాసిచ్చిందంటే, సామింతెన్ స్థానంలో నేనున్నా ఎగిరి గంతేసేదాన్ని. దాన్ని తప్పు పట్టేవాళ్ళు తమ గుండె మీద చెయ్యి వేసుకోవాలి.

వర్దోయో డబ్బా తెచ్చాడు. సామింతెన్ మూత తీసి వాసన చూసింది, చిటికెడు నాలుక మీద వేసుకుంది. నాక్కూడా పెట్టింది. కాస్త చేదు, కాస్త నూనె కంపు. "చచ్చిన గింజ," అంది ఆవిడ. "ఎప్పుడో ఎండబెట్టి, ఎక్కడో పొడి కొట్టి, ఓడెక్కించి తెచ్చారు. పక్కనే పొయ్యి మీద తాజాగా కాగుతుంటే ఈ బూడిద నీళ్ళలో కలిపి పట్టాలా." అయినా కొన్నాళ్ళు పట్టింది. వాంతులు ఆగాయి. కానీ మలం గట్టిపడింది, పిల్ల ముక్కీ ముక్కీ ఏడ్చేది. ఆ సాకు చాలింది, డబ్బా పక్కన పెట్టి తన పాలే పట్టడం మొదలుపెట్టింది.

మనవరాలి కోసం చేసే పాల తీరే వేరు. ఊరికి అమ్మే పాలు చిక్కగా ఉంటాయి, అవి చంటి కడుపుకి బరువని ఆవిడ లెక్క. అందుకని మంచి గింజలు ఏరేది, పొట్టు ఒక్కటీ మిగలకుండా ఊడదీసేది, మామూలు వడకట్టు అయ్యాక మళ్ళీ వడకట్టి, పైన తేరిన తేట మాత్రం తీసి, అందులో కాగిన నీళ్ళు ధారాళంగా పోసి, తాటి బెల్లం కలిపేది. నీళ్ళలా జారే పాలు. పిల్ల గటగటా తాగింది. మలబద్ధకం పోయింది, దద్దుర్లు పోయాయి, ఏడుపు పోయింది. ఇంట్లో అందరికీ నిద్ర పట్టింది.

ముర్ని ఒక ఆదివారం నా ముందే అడిగింది. "డాక్టరమ్మ డబ్బా ఒక్కటే అన్నది కదా అత్తయ్యా."

"డాక్టరమ్మ ఎప్పుడన్నా గింజ నానేసిందా? అది సోయా, ఇది సోయా. అది పొడి, ఇది పాలు. నీ మొగుణ్ణి దీంతోనే పెంచాను, ట్యాంకరు తోలడం లేదూ?"

"నీ కొడుకు రెండేళ్ళు నీ రొమ్ము వదల్లేదక్కా," అన్నాను నేను.

"నీకు గోడ అవతల పనేం లేదా కార్సీ."

ముర్ని నవ్వి ఊరుకుంది. ఆ పిల్ల ఎదురు చెప్పే రకం కాదని ముందే చెప్పాను. పైగా కళ్ళెదుట పిల్ల కక్కడం మానేసింది. ఏ తల్లి అయినా దాన్నే చూస్తుంది. నెల తిరిగాక డాక్టరమ్మ దగ్గరికి వెళదామంటే ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. మా వీధిలోనే పిల్లల్ని తూచే రోజున సామింతెన్ ఎత్తుకెళ్ళింది. ముల్లు పైకే వెళ్ళింది. తూచే అమ్మాయి భేష్ అంది.

ఇక ఊరి పొగడ్తలు మొదలయ్యాయి. మా జావా వాళ్ళం పిల్లల్లో రెండే మెచ్చుకుంటాం, ఒకటి బొద్దుతనం, రెండోది నెమ్మది. కినంతికి రెండూ ఉన్నాయి. బుగ్గలు బూరెల్లా ఉన్నాయి, పాదాలు ఉబ్బి వేళ్ళ మధ్య గీతలు కూడా కనిపించేవి కావు. ఎత్తుకుంటే ఎత్తుకున్న చోట ఉండేది, దించితే దించిన చోట ఉండేది. చేతికి బొమ్మ ఇస్తే పట్టుకునేది కాదు, లాక్కుంటే ఏడ్చేది కాదు. "ఎంత నెమ్మదో, పూర్వజన్మలో రాజకుమారి అయ్యుంటుంది" అని ఒకావిడ. జుట్టు పల్చబడి రాగి రంగు తిరిగితే "తెల్లదొరల పిల్లలా ఉంది" అని ఇంకొకావిడ. వీధిలో ప్రతి తల్లీ తన ఏడుపుగొట్టు పిల్లాణ్ణి చంకలో సర్దుకుంటూ కినంతి వైపు చూసి నిట్టూర్చేది. నాకు చెప్పాలంటే ఒళ్ళు మండుతుంది ఇప్పటికీ. ఆ పిల్ల ఒళ్ళు అడుగంటిపోతోంటే దాన్ని మర్యాద అనుకున్నాం.

ఏడో నెల నిండాక నేల తొక్కించే వేడుక పెట్టారు. అప్పటిదాకా భూమి మీద పెట్టని పాదాన్ని ఆ రోజు పెద్దవాళ్ళు పట్టుకుని నేలకి తాకిస్తారు. సామింతెన్ అంతకు ముందు సోమవారాలు, గురువారాలు ఉపవాసం ఉంది. చెరకు నిచ్చెన తనే కట్టింది. ఏడు రంగుల జిగురన్నం ముద్దలు తనే ఒత్తింది. వెదురు కోళ్ళగంపకి రంగు కాగితాలు చుట్టి లోపల కుంచె, అద్దం, పుస్తకం, సూదిదారం పెట్టింది. ముద్దలు తొక్కి, నిచ్చెన ఎక్కి దిగిన పిల్లని గంపలో కూచోబెడితే ఏది పట్టుకుంటుందో చూసి, పెద్దయ్యాక ఏమవుతుందో చెప్పుకోవడం మా సరదా.

"గ్లాసు పెట్టవేం అక్కా? గింజ పాలు అమ్ముతుందేమో నీలాగా," అన్నాను.

"డాక్టరమ్మ అవుతుంది నా మనవరాలు. నీ ఆవులకి సూది వేస్తుంది." అందరూ నవ్వారు. ముర్ని కూడా.

ఇమాం దువా చదివాడు. ముర్ని పిల్ల చంకల కింద పట్టుకుంటే సామింతెన్ వంగి, ఆ చిన్న పాదాలు రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్కో ముద్ద మీద నొక్కుతూ వచ్చింది. పిల్ల తల వేలాడుతూనే ఉంది. తొక్కినప్పుడు ఏ పిల్లైనా కాలు వెనక్కి లాక్కుంటుంది, జిగురు అంటితే ఏడుస్తుంది, కనీసం తొంగి చూస్తుంది. కినంతి ఏమీ చెయ్యలేదు. నెమ్మదైన పిల్ల అని మళ్ళీ ఎవరో అన్నారు.

పై ఊరి మంత్రసాని అసీ భోజనానికని వచ్చింది. చదువుకున్న నర్సు, కాన్పులు చేస్తుంది. లేచి వచ్చి, పిల్ల పాదం మీద అంటిన జిగురన్నం తుడుస్తున్నట్టుగా బొటనవేలు పెట్టి నొక్కింది. తీసింది. అక్కడ గుంట పడింది. ఆ గుంట పూడలేదు. అసీ చూస్తోంది, నేను చూస్తున్నాను. మెత్తటి పిండిలో వేలు పెట్టినట్టు అది అలాగే ఉండిపోయింది.

"మామ్మా, పిల్లని ఇలా ఇవ్వండి. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి," అంది అసీ.

"ఇంకా నిచ్చెన ఉందమ్మా. మధ్యలో ఆపితే మంచిది కాదు."

"తిరిగొచ్చాక ఎక్కిద్దురు. ఇది లావు కాదు మామ్మా, నీరు. ఒళ్ళంతా నీరు పట్టింది."

"నీరేంటి? ముల్లు పైకెళుతోంటే."

"నీరు కూడా తూగుతుంది మామ్మా."

ముర్ని అప్పటికే పిల్లని గుండెకి అదుముకుని చెప్పుల కోసం వెతుకుతోంది. వర్దోయో ఎవరిదో వ్యాను తీయించాడు. వాళ్ళు వెళ్ళాక వచ్చినవాళ్ళు నెమ్మదిగా ఒక్కొక్కరే లేచారు, కొందరు తినకుండానే. సామింతెన్ వ్యాన్లో వెనక సీటులో కూచుని, ఇంకా జిగురన్నం అంటి ఉన్న చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, వీధి మలుపు తిరిగేదాకా కోళ్ళగంప వైపే చూసింది.

జిల్లా ఆసుపత్రిలో వెంటనే చేర్చుకున్నారు. నేను మర్నాడు అన్నం పట్టుకుని వెళ్ళాను. ఆసుపత్రిలో తిండి సంగతులు చూసే నికెన్ అనే అమ్మాయి మమ్మల్ని వరండాలో కూచోబెట్టి అడుగుతోంది.

"ఏం పట్టారు మామ్మా ఇన్నాళ్ళూ?"

"పాలు. సోయా పాలు. నేనే తీస్తాను. ఈ మధ్య గంజి, ఓ ముక్క అరటిపండు."

"డాక్టరు చెప్పిన డబ్బా?"

"అందులో ఉన్నదీ సోయానే కదమ్మా. అది పొడి, నాది తాజాది. అంతే కదా తేడా."

నికెన్ లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. మందలించలేదు, గొంతు కూడా పెంచలేదు. నాకు ఆ అమ్మాయి మీద కోపం వచ్చింది, అంత కఠినమైన సంగతి అంత మెత్తగా చెబుతున్నందుకు.

"ఇందులో సోయా ఒక వంతే మామ్మా. గింజలోంచి మాంసకృత్తుల్ని మాత్రం విడదీసి తీసుకుంటారు. అందులోనూ ఒక రకం, మెథియోనిన్ అంటాం, పిల్ల పెరగడానికి సోయాలో ఉన్నది చాలదు. తల్లిపాలలో ఉంటుంది, గుడ్డులో ఉంటుంది. దాన్ని విడిగా కలుపుతారు. తర్వాత నూనెలు. చంటిపిల్లకి కావలసిన శక్తిలో దాదాపు సగం కొవ్వు నుంచే రావాలి. మొక్కజొన్న నుంచి తీసిన చక్కెర. ఎముకకి కాల్షియం, నెత్తురుకి ఇనుము, ఇంకా జింకు, అయోడిను. సోయా గింజకి ఒక గుణం ఉంది, కాల్షియాన్నీ ఇనుమునీ పట్టేసుకుని ఒంటికి సరిగా అందనివ్వదు. అందుకని డబ్బాలో అవి కాస్త ఎక్కువే వేస్తారు. గింజలో లేని విటమిన్లు ఉంటాయి, బి పన్నెండు, డి. అవీ కలుపుతారు."

సామింతెన్ పనివాళ్ళు పని గురించి వింటారే, అలా వింది. కళ్ళు డబ్బా మీదే ఉన్నాయి.

"అంటే గింజని విప్పదీసి, లేనివన్నీ తెచ్చి మళ్ళీ కుట్టారన్నమాట," అంది.

"అంతే మామ్మా. పిల్ల కొలతకి కుట్టారు."

"నా పాలు తాగి ఇంత ఊరూ బాగానే ఉంది కదమ్మా. వాళ్ళకేం కాలేదే."

"మీ పాలు మంచివే. కానీ తాగినవాళ్ళు ఇంటికెళ్ళి అన్నం తింటారు, చేప తింటారు, గుడ్డు తింటారు. దీనికి మీ పాలే అన్నం, అవే చేప, అవే గుడ్డు."

వరండాలో ఎవరిదో పిల్లాడు బంతి కోసం మా కాళ్ళ కిందికి దూరి వెళ్ళాడు.

"మరి నీళ్ళు?" అంది సామింతెన్ చివరికి. "పొడిలో నీళ్ళు ఎన్ని పోస్తారు?"

"ఇంత పొడికి ఇన్ని నీళ్ళని డబ్బా మీదే రాసుంటుంది. దానికి మించి పోయకూడదు. పోస్తే కడుపు నిండుతుంది, ఒళ్ళు నిండదు. మాంసకృత్తులు చాలకపోతేనే ఇలా నీరు పడుతుంది."

"నేను చాలా పోశానమ్మా," అంది సామింతెన్. "అరగదేమోనని పోశాను. తేట మాత్రం తీసి, అందులో నీళ్ళు పోశాను."

ఆ అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుంది. సామింతెన్ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని, లేచి, వరండా చివర నీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళి కూచుంది. ఆ తర్వాత వార్డులో అడుగు పెట్టలేదు. ముర్ని బట్టలు ఉతికేది, వర్దోయోకి అన్నం పొట్లం కట్టేది, ఆసుపత్రి వాకిలి కూడా ఊడ్చింది ఒకరోజు. లోపలికి రమ్మంటే, "నా చెయ్యి దానికి మంచిది కాదు," అనేది. నేను కసిరాను, బతిమాలాను. ముర్ని దగ్గరికి వెళ్ళి, "నువ్వు పిలిస్తే వస్తుందే, పిలువు," అన్నాను.

ముర్ని మంచం అంచున కూచుని చెంచాతో సోయా పొడి పాలు పడుతోంది. డబ్బాలోవి, కొలిచి కలిపినవి. ఒక్కసారి ఎక్కువ పెడితే గుండె తట్టుకోదని కొంచెం కొంచెంగా పెట్టమన్నారు.

"రావొద్దని నేననలేదు పిన్నీ," అంది, తల ఎత్తకుండా. "అత్తయ్యని నేనొక్క మాట అనలేదు, అనను కూడా. కానీ రమ్మని పిలవడానికి నోరు రావడం లేదు."

ఆ పిల్లనేమనగలను. పొద్దు పొడవకముందే ఫ్యాక్టరీకి పరిగెత్తింది ఎవరి కోసమో నాకు తెలుసు. అడిగిన ఒక్క ప్రశ్నకి నవ్వి ఊరుకున్నందుకు తనని తాను ఎంత తిట్టుకుంటోందో కూడా తెలుసు.

తర్వాత మంచి రోజులు వచ్చాయి, కొద్దిగా. ఒక మధ్యాహ్నం చెంచా తీసేసరికి కినంతి ఏడ్చింది. ఎన్నాళ్ళకో విన్న ఏడుపు. వార్డులో అందరూ తిరిగి చూశారు. డాక్టరు నవ్వాడు, ఏడవడం మంచి గుర్తన్నాడు, ఒంట్లో నీరు కూడా దిగుతోందన్నాడు. వర్దోయో వరండాలోకి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, ఏడ్చిందే, నీరు దిగుతోందంట," అన్నాడు. సామింతెన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అల్లాకి దణ్ణం పెట్టుకుంది. నీరు దిగుతోందని ఆవిడే కనపడినవాళ్ళందరికీ చెప్పింది, కుళాయి దగ్గరకొచ్చిన ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా. రోజూ అడిగేది, "ఇవాళ ఇంకా దిగిందా?" అని. దిగిందక్కా అనేదాన్ని. నీరు దిగేకొద్దీ కింద ఏం బయటపడుతోందో మాత్రం నేను చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

బలం లేని ఒంటికి జ్వరం తోడైంది. ఊపిరితిత్తుల్లో కఫం చేరిందన్నారు. సూదులు వేశారు, గొట్టం పెట్టారు. వాళ్ళు చెయ్యవలసిందంతా చేశారు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. ఒక పొద్దున, ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చే వేళకి కినంతి పోయింది.

మా వైపు చనిపోయినవాళ్ళకి చివరి స్నానం బల్ల మీద చేయించడం కన్నా ఒళ్ళో పెట్టుకుని చేయించడం ప్రేమ. అయినవాళ్ళు వరసగా కూచుని ఒళ్ళు పరుస్తారు, పైనుంచి నీళ్ళు పోస్తారు. ఇంటి వెనక అరటి చెట్ల పక్కన తడికెలు కట్టి, చాప పరిచి, పూలు వేసిన నీళ్ళు తెచ్చాం. ముర్ని కూచుంది. పక్కన వర్దోయో కూచున్నాడు. వర్దోయో పక్కన చోటు ఖాళీగా ఉంది. సామింతెన్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎవరూ ఆవిడ వైపు చూడడం లేదు. నాకు ఏడుపుతో పాటు అందరి మీదా కోపం కూడా వచ్చింది, చెంబు పట్టుకుని నిలబడ్డాను.

"అత్తయ్యా," అంది ముర్ని. "రండి. మీరు కూడా ఒళ్ళో పెట్టుకోండి."

సామింతెన్ వచ్చింది. వర్దోయో పక్కన కూచుని కాళ్ళు చాపింది. అసీ చుట్టిన గుడ్డ విప్పి పిల్లని తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

ఆసుపత్రికి వెళ్ళాక ఆవిడ పిల్లని చూడడం అదే మొదటిసారి. నీరంతా దిగిపోయింది. ఆ బుగ్గలు లేవు. చర్మం తొడల మీద మడతలు పడి వేలాడుతోంది, పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టవచ్చు. సామింతెన్ ఆ పాదాన్ని చేతిలోకి తీసుకుంది. అది ఆవిడ బొటనవేలంత లావు కూడా లేదు. పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, వేరే ఎవరి పిల్లనో పొరపాటున తన ఒళ్ళో పెట్టారేమో అన్నట్టు ముర్ని వైపు చూసింది.

"ఇన్నాళ్ళూ ఇది ఇంతే ఉందా అమ్మా?"

"ఇంతే ఉందత్తయ్యా," అంది ముర్ని. నా చేతిలోంచి చెంబు తీసుకుని, పిల్ల తల మీద నుంచి మెల్లగా నీళ్ళు పోసింది.